మూడో నీళ్ళు

చిటుంబి గ్రామం,
సెప్టెంబరు నెల.

మా చెల్లెలు న్సామా కూతురు చిబేసాకి, మీ పెద్దమ్మ బానా లోంబే చెప్పి రాయిస్తున్న ఉత్తరం.

క్షేమం అడగను. నువ్వు క్షేమంగానే ఉన్నావని పుస్తకం వెనక అట్ట మీద నీ ఫోటో చూస్తే తెలిసింది. బుగ్గలొచ్చాయి.

ఈ ఉత్తరం రాస్తున్నది బా మకాసా. రాగి గనుల్లో ముప్పై ఏళ్ళు గుమస్తాగిరీ చేసి ఊరికి తిరిగొచ్చినాయన. కళ్ళద్దాలకి ఒక పక్క దారం కట్టుకున్నాడు, అయినా నీకంటే బాగానే చూస్తాడు. నేను అన్నది అన్నట్టు రాయమన్నాను. (రాయదగినంత వరకు రాస్తాను. మకాసా.)

మా బడికి నీ పుస్తకాలు పన్నెండు వచ్చాయి. టెంబో మాస్టారి పెళ్ళాం తూర్పు దేశపు పిల్ల, మా అడవి ఎరగదు. చంకలో నాలుగేళ్ళ కూతురు తదాలాని వేసుకుని, చెట్టు కింద ఊళ్ళో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించింది. పుట్టినప్పట్నించీ పుట్టగొడుగులు ఏరుతున్న వాళ్ళకి పుట్టగొడుగు అంటే ఏమిటో చెప్పింది. నేనూ కూర్చున్నాను. ముసలిదాన్ని, నాకు మాత్రం వేరే పనేముంది.

ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆపమన్నాను. అందులో బొమ్మ మా కొత్తల్లుడిది. కింద ఏం రాశావు? "తినదగినది. కడిగి, ముక్కలు కోసి, నూనెలో టొమాటోతో పది నిమిషాలు వేయించాలి. ప్రయోగశాలలో పరీక్షించాం, విషం లేదు. సమాచారం ఇచ్చినవారు: ఒక స్థానిక వృద్ధురాలు."

ఎవరే ఆ వృద్ధురాలు? కనిపిస్తే నాకూ చూపించు. ఆవిడ నోట్లో పళ్ళెన్ని మిగిలాయో చూసి, మిగిలినవి నేను రాలగొడతాను.

దాన్ని మేం కొత్తల్లుడు అనేది ముద్దుకి కాదు. పెళ్ళికుదిరిన వాణ్ణి వచ్చినరోజే పొయ్యి దగ్గరికి రానిస్తామా? రెండేళ్ళు మా చేలో చెట్లెక్కి కొమ్మలు నరికి, బయట కూర్చుని తిని, అత్త కంటపడకుండా పక్కకి తప్పుకుని తిరిగితే, అప్పుడుగదా లోపలికి పిలుపు. ఈ పుట్టగొడుగూ అంతే. మూడుసార్లు ఉడికించాలి, మూడుసార్లూ నీళ్ళు పారబోయాలి. మొదటి నీళ్ళు పసుపుపచ్చగా వస్తాయి, రెండోవి కలి నీళ్ళలా, మూడోవి తేటగా. తేటపడ్డాకే వేరుసెనగ పొడి వేసేది. నేరుగా మూకుట్లో వేస్తే పెద్దవాళ్ళయితే రెండ్రోజులు పొట్ట పట్టుకుని దొర్లుతారు. చిన్నపిల్లలు లేవరు.

నవంబర్లో వానలు పడతాయి. వానపడ్డ పదో రోజుకి ముతోండో చెట్ల కింద వాడు తలెత్తుతాడు. ఆలోగా ఆ పేజీ అన్ని బళ్ళలోనూ చింపించు. అంతే నేను చెప్పేది.

బానా లోంబే

*

విశ్వవిద్యాలయం, శిలీంధ్ర పరిశోధన విభాగం,
సెప్టెంబరు ఇరవై ఆరు.

ప్రియమైన పెద్దమ్మకి,

మీ ఉత్తరం చూసి సంతోషించాను. పుస్తకం మీ దాకా వచ్చిందంటే నా కష్టం ఫలించినట్టే. బా మకాసాగారికి నమస్కారాలు.

మీ ఆందోళన నాకు అర్థమైంది. మన పెద్దవాళ్ళకి కొన్ని పద్ధతులు అలవాటుగా వచ్చాయి, వాటిని నేను గౌరవిస్తాను. కానీ మూడుసార్లు ఉడికించి నీళ్ళు పారబోస్తే దాంట్లో బలమంతా ఆ నీళ్ళతోనే పోతుంది. మాంసం దొరకని ఇళ్ళల్లో పిల్లలకి ఆ బలం అందాలనే నేను ఈ పుస్తకం రాశాను. మీ ఇంటి పొగదూలానికి వేలాడుతున్న ఎండు కొత్తల్లుడి దండ ఒకటి నేను తెచ్చుకున్నాను, గుర్తుందా? దాన్నే పొడి చేసి మూడు రకాలుగా పరీక్షించాం. విషం జాడ కూడా లేదు. కాగితాలు నా దగ్గరున్నాయి.

ఇంకో మాట. మీరు అనుకుంటున్నట్టు పుట్టగొడుగు అంటే పైకి కనిపించే గొడుగు కాదు. అసలు జీవి నేలలోపల ఉంటుంది, సన్నటి దారాల్లా. ఆ దారాలు చెట్ల వేళ్ళని చుట్టుకుని, చెట్టుకి నీరందించి దాని దగ్గర తిండి తీసుకుంటాయి. గొడుగు దానికి కాయలాంటిది. ఇవన్నీ తెలిసినప్పుడు భయాలు వాటంతటవే తగ్గుతాయి. జ్ఞానం చిన్నపుట్టలోంచి బయల్దేరి పెద్దపుట్టకి వెళ్తుందని, చిన్నవాళ్ళ దగ్గర పెద్దవాళ్ళూ నేర్చుకోవచ్చని మనవాళ్ళే అంటారు కదా.

మూడువేల ప్రతులు జిల్లా అంతా వెళ్ళాయి. ప్రభుత్వంవాళ్ళు రెండో ముద్రణ కూడా అడుగుతున్నారు. ఒక సామెతనో అలవాటునో చూపించి దాన్ని ఆపలేను, అర్థం చేసుకుంటారనుకుంటాను.

చలికాలానికి పనికొస్తుందని ఒక ఉన్ని కోటు పంపుతున్నాను.

మీ చిబేసా

*

చిటుంబి,
అక్టోబరు నెల, గాలి లేని రోజులు.

డాక్టరు చిబేసాకి,

కోటు అందింది. కోడి పొదిగే గంపలో పరిచాను. పదకొండు గుడ్ల మీద కూర్చుంది, దానికి బాగుందట.

గుడ్డు వచ్చి పిల్లని వెక్కిరించడం విన్నాను గానీ ఉత్తరం రాసి వెక్కిరించడం ఇదే చూడ్డం. నేలకింద దారాలుంటాయని నాకు చెప్తున్నావా? ముతోండో చెట్టు కొట్టేస్తే ఆ ఏడు దాని చుట్టూ ఒక్క గొడుగూ లేవదని నీకు చెప్పిందెవరు? ఎండు మానుకి వాడు అల్లుడుగా రాడని చెప్పిందెవరు? నువ్వు దానికి దారమని పేరు పెట్టావు. పెట్టుకో. పేరు పెట్టడం సులువు, నామకరణానికొచ్చిన చుట్టాలు కూడా పెడతారు. నొప్పులు పడ్డది ఇంకొకరు.

నువ్వు వచ్చిన రోజులు నేను మర్చిపోలేదు. మోకాళ్ళ దాకా బూట్లు. చేతిలో కత్తి. మేం పుట్టగొడుగుని అడుగుదాకా వేళ్ళు పెట్టి పెకలిస్తాం, కాడ మొదలు దగ్గర సంచీలాంటిది ఉందో లేదో, రంగేమిటో చూడాలి గనక. నువ్వు మెడ దగ్గర కోశావు, కోడిని కోసినట్టు. మేం సందుల బుట్టలో వేసుకుని నడుస్తాం, దారిపొడుగునా దాని పొడి రాలి మళ్ళీ ఏడు మొలుస్తుందని. నువ్వు కాగితపు సంచుల్లో మూతికట్టి పెట్టావు, ఒక్కోదానికీ అంకె వేసి. నాకూ వేశావు. నీ పుస్తకం చివర జాబితాలో నేను ఏడో నంబరని బా మకాసా చెప్పాడు. మొదటి ఆరుగురూ ఎవరో, వాళ్ళకి నా సానుభూతి.

వెళ్ళే రోజు సబ్బుబిళ్ళ, చక్కెర పొట్లం ఇచ్చి, నల్లసిరా డబ్బా తెరిచి, "ఇక్కడ వేలు పెట్టండి పెద్దమ్మా" అన్నావు. ఏం రాశావే అంటే "సబ్బు ముట్టినట్టు" అన్నావు. పెట్టాను.

ఇప్పుడు విను. మా ఇంట్లో పుట్టగొడుగు చదువు మూడు వానలు. మొదటి వానకి పేరు చెప్తాం. ఏది ఎలా ఉంటుంది, ఎలా తీయాలి. అమ్మాయి తిరిగి రెండో వానకి వస్తే నీళ్ళు చెప్తాం, అంటే వంట. మూడో వానకీ వస్తే చోటు చెప్తాం, ఏ పుట్ట వెనక, ఏ చెట్టు కింద. మా అమ్మ నాకలాగే ఇచ్చింది. నేను నా కూతురు లోంబేకి ఇచ్చాను, అది నాకంటే ముందే పోయింది. దాని తర్వాత నువ్వొచ్చావు. ఒక్క వాన తడిశావు, పేరు పట్టుకుపోయావు, పుస్తకం వేశావు. నీళ్ళు నీకు రాలేదు, అందుకే మూకుడు రాసుకున్నావు.

చిన్నపుట్టలోంచి జ్ఞానం పోతుందంటావా. పోతుంది. పెద్దపుట్ట దగ్గర కాసేపు కూర్చోవాలి మరి. బస్సు కిటికీలోంచి విసిరితే పోదు.

పేజీ చింపించు.

(ఆవిడ చివర ఇంకో మాట అంది. మీ అమ్మగారి మీద గౌరవంతో వదిలేశాను. మకాసా.)

*

విశ్వవిద్యాలయం,
అక్టోబరు పదిహేడు.

పెద్దమ్మకి,

మీరు ఎగతాళి చేయడం నాకు కొత్త కాదు. అమ్మ బతికున్నప్పుడు మీ ఉత్తరాలు వస్తే వంటింట్లోకి వెళ్ళి చదువుకునేది, మేం తన మొహం చూడకుండా. గనుల ఊరికి కాపురానికి వెళ్ళిందని మీరు ఆమెకి మూడో వాన ఇవ్వలేదట. చోట్లు తెలియకుండానే పోయింది. కాబట్టి నన్ను కూతుర్ని చేసుకోబోయారన్న మాట మీరు అంటుంటే నాకు నవ్వొస్తోంది.

నా నోటు పుస్తకం ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను. డిసెంబరు పద్నాలుగు. నేను: "కొత్తల్లుణ్ణి ఎలా వండుతారు?" మీరు: "అందరూ వండినట్టే." నేను: "అంటే?" మీరు: "నీకు వంట రాదా? మీ అమ్మ నేర్పలేదా?" నేను: "నూనెలో వేయించి?" మీరు చుట్ట ముట్టించుకున్నారు. ఇంతే ఉంది. కాదని ఒక్క మాట అనలేదు.

మీరు వేలిముద్ర వేసిన కాగితం కూడా ఉంది. "నాకు తెలిసినదంతా ఇష్టపూర్వకంగా చెప్పాను" అని ఉంది దాంట్లో. సబ్బు సంగతి నేను ఎందుకన్నానో నాకు గుర్తులేదు. తొందరలో అని ఉంటాను, బస్సు హారన్ కొడుతోంది.

ఇప్పుడు ఒక్కటే అడుగుతాను. మీ పొగదూలం మీంచి తీసిన ఆ దండ పచ్చివి గుచ్చి ఎండబెట్టిందేనా? అవునంటే పరీక్ష సరైనది, పుస్తకం సరైనది. కాదంటే చెప్పండి. నేను దండ దింపుతున్నప్పుడు మీరు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. తాజావి తెచ్చి మళ్ళీ పరీక్షిద్దామంటే వానలు పడేదాకా ఎక్కడా దొరకవు. రెండో ముద్రణకి నవంబరు పదో తారీఖున సంతకం పెట్టాలి. ఒక్క ముక్కలో జవాబు రాయించండి, అవునో, కాదో.

చిబేసా

*

చిటుంబి,
అక్టోబరు చివర.

చిబేసాకి,

ఒక్క ముక్కలో కావాలా. ఒక్క ముక్కలో చెప్పే మాటలకి నువ్వు సబ్బు ఇస్తావు గదా, ఈసారి ఏమిస్తావు?

ఇది ఉత్తరంలో అడిగితే ఉత్తరంలో చెప్పే మాట కాదు. బస్సెక్కు. రెండ్రోజుల దారి. మా వాకిట్లోకొచ్చి, బూట్లు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, మర్యాదగా చేతులు తట్టి, "పెద్దమ్మా, నాకు తెలియలేదు, చెప్పు" అను. మీ అమ్మా అలాగే అడిగింది, నేనూ మా అమ్మని అలాగే అడిగాను, ఎవరి మోకాళ్ళూ అరిగిపోలేదు. నీ పరీక్ష నీకు అన్నీ చెబుతుంది గదా, దాన్నే అడుగు, నువ్వు నన్నెలా కోశావో అదీ చెబుతుందేమో.

మీ అమ్మ సంగతి ఎత్తావు. ఎత్తకుండా ఉండాల్సింది.

ఇక్కడి సంగతి. బడికెళ్ళి టెంబో మాస్టారి పెళ్ళానికి చెప్పొచ్చాను, ముప్పై ఒకటో పేజీ తినొద్దని.

"ఎందుకవ్వా? ప్రయోగశాలలో చూశారటగా" అంది.

"నేను చెప్పాను గనక" అన్నాను.

"మీరు తింటారటగా మరి?"

"నేను తింటాను, నువ్వు తినకు."

అది నవ్వి, తదాలా ముక్కు తుడిచింది. ఆ పిల్ల నేను నడుముకి చుట్టుకున్న చితెంగే గుడ్డ కొంగు పట్టుకుని వదల్లేదు, దాని మీద చేప బొమ్మలున్నాయి, ఒక్కోదాన్నీ పట్టుకుంటానంటుంది. సరే. మా ఊరి కోడళ్ళందరికీ మూడు నీళ్ళూ తెలుసు. పై ఊరి పిల్లకి నేనెందుకు చెప్పాలి? నా పొయ్యి దగ్గర ఒక్క రోజు కూర్చుందా?

(చెప్పమని నేనూ అన్నాను. వినలేదు. మకాసా.)

(బా మకాసా ఏం రాశాడో నాకు చదివి వినిపించలేదు. ఏదో రాశాడని మొహం చూస్తే తెలుస్తోంది. అదీ రాయమన్నాను.)

పదో తారీఖులోగా రా.

*

చిటుంబి,
నవంబరు ఇరవై తొమ్మిది.

చిబేసా,

నువ్వు రాలేదు. వాన వచ్చింది.

పదకొండో రోజు టెంబో మాస్టారి పెళ్ళాం బడి వెనక ముతోండో చెట్ల కింద ఏరుకుంది. పుస్తకం పక్కన పెట్టుకుని బొమ్మతో పోల్చి చూసుకుందట, చాలా జాగ్రత్తగా. కడిగింది, ముక్కలు కోసింది, టొమాటో వేసింది. పది నిమిషాలు. మాస్టారు ఆ పూట పట్నంలో ఉన్నాడు. తల్లీ పిల్లా తిన్నారు. పిల్ల రెండోసారి పెట్టించుకుందట, రుచిగా ఉందని.

తెల్లారి నన్ను పిలిచారు. తల్లి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, మాట వస్తోంది. పిల్లకి రావడం లేదు. కళ్ళు పసుపు తిరిగాయి. మొదటి నీళ్ళ రంగు. బా మకాసా తన సైకిలు తీశాడు, వాళ్ళన్న కొడుకు ఇంకో సైకిలు. మిషన్ ఆస్పత్రికి ఇరవై రెండు మైళ్ళు, బురదలో. ఈ ఉత్తరం రాస్తున్న మనిషికి అరవై ఆరేళ్ళు. పిల్ల ఇంకా అక్కడే ఉంది. బతుకుతుందో లేదో డాక్టరు చెప్పలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు: కాదు.

ఆ దండ పచ్చిది కాదు. మూడు నీళ్ళూ పోసి ఉడికించి, పొగ మీద ఆరబెట్టింది. నేను పచ్చిది ఎప్పుడూ దూలానికి కట్టను, పిల్లలు దొంగతనంగా తెంపుకుని నములుతారని. నువ్వు పరీక్ష చేసింది కొత్తల్లుణ్ణి కాదు, నా వంటని. నా వంటలో విషం లేదని నీ మిషన్లు చెప్పాయి. సంతోషం.

నువ్వు దండ దింపుతుంటే చూశాను. మాట నోటిదాకా వచ్చింది. అప్పటికి నా వేలికి ఇంకా సిరా ఉంది, చితెంగేకి రుద్దుకుంటున్నాను, పోవడంలేదు. తీసుకుపోనీ, దీని ప్రయోగశాల దీనికి తెలివి చెబుతుంది, అప్పుడు పరిగెత్తుకొస్తుంది, రెండో వానకి రాక తప్పదు, అనుకున్నాను. నువ్వు రాలేదు, పుస్తకం వచ్చింది. అప్పుడైనా మొదటి ఉత్తరంలోనే ఈ మాట రాయించొచ్చు. నీ మోకాళ్ళు చూడాలనిపించింది.

బా మకాసా ఏమీ కలపలేదు. నేను చెప్పిందే.

*

విశ్వవిద్యాలయం,
డిసెంబరు పదకొండు.

పెద్దమ్మా,

పుస్తకం ఆపించాను. అన్ని బళ్ళకీ మనుషుల్ని పంపించాను, రేడియోలో మూడు రోజులుగా చెప్పిస్తున్నాను. ఇంకెక్కడా ఎవరూ తిన్నట్టు కబురు రాలేదు. తదాలాకోసం రోజూ మిషన్ ఆస్పత్రికి ఫోన్ చేస్తున్నాను, నిన్న గంజి తాగిందట.

మీకొకటి చెప్పాలి. సెప్టెంబర్లో మీ మొదటి ఉత్తరం చదివిన రోజే నాకు అనుమానం వచ్చింది. మూడుసార్లు ఉడికించే మనిషి ఎండబెట్టే ముందు ఉడికించదా అని. ఆ అనుమానం పట్టుకుని పుస్తకం ఆపొచ్చు. ఆపితే నాకు రావాల్సిన ప్రొఫెసరు పదవి పోతుంది. అందుకే మిమ్మల్ని అవునా కాదా అని అడిగాను, మీరు పంతంతో చెప్పరని తెలిసే. చెప్పకపోతే తప్పు మీదవుతుందని. పదో తారీఖున సంతకం పెట్టాను.

మొన్న తాజావి కొనడానికి బస్టాండుకెళ్ళాను. రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళలో ఒకావిడ నా సంచిలో కొత్తల్లుణ్ణి వేస్తూ, "తల్లీ, మూడు నీళ్ళు మర్చిపోకు" అంది. నేను అడగలేదు. దుంపలు కొంటే ఉప్పేసి ఉడికించమన్నంత మామూలుగా చెప్పింది. పదేళ్ళుగా అదే బస్టాండు మీంచి రోజూ పనికెళ్తున్నాను. ఒక్కసారీ వాళ్ళని అడగలేదు, వాళ్ళు సమాచారం ఇచ్చేవాళ్ళు కాదు, అమ్ముకునేవాళ్ళు అనుకున్నాను.

పరీక్ష చేశాను. పచ్చిదాంట్లో విషం ఉంది, నీళ్ళలోకి దిగేది. రెండో నీళ్ళ తర్వాత కొంచెం మిగులుతుంది. మూడో నీళ్ళ తర్వాత లేదు.

దీంతో పంపుతున్న కాగితం ప్రతి పుస్తకంలోనూ అంటిస్తాం. "ముప్పై ఒకటో పేజీ పూర్తిగా తప్పు. ఈ తప్పు రచయిత్రిది. చిటుంబి గ్రామానికి చెందిన బానా లోంబే సరైన పద్ధతిని ముందే తెలియజేసి హెచ్చరించారు" అని రాశాను. మీ పేరు ఉండాల్సిన చోట ఉంది.



చిబేసా

*

చిటుంబి,
డిసెంబరు, క్రిస్మస్ దాటాక.

చిబేసాకి,

కాగితం అందింది. బా మకాసా చదివాడు. ఇంత చక్కటి అబద్ధం ఆయన గనుల్లో కూడా చూడలేదట.

"హెచ్చరించారు" అని రాశావు. ఎవర్ని? టెంబో మాస్టారి పెళ్ళానికి నేను చెప్పిన హెచ్చరిక నీకు రాయించాను గదా, చదివావు గదా. "నేను చెప్పాను గనక." కుక్కని అదిలించినా దానికంటే రెండు ముక్కలు ఎక్కువ అంటాం. నా పేరు ముందు ఒక పువ్వు పెట్టి నన్ను గెలిపిద్దామనుకున్నావు. ముసలిది మెచ్చుకుంటుంది, ఊరుకుంటుంది అనుకున్నావు. నీ దయ తీసుకెళ్ళి కోడి గంపలో వెయ్యి, అక్కడ కోటు ఉంది, తోడుగా ఉంటుంది.

నువ్వు నన్ను తప్పులో ఇరికించడానికి అడిగానన్నావు. నేను నిన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టడానికి దాచాను. ఇద్దరం ఒకే ఇంటివాళ్ళమే, సందేహం లేదు. బస్టాండులో ఆవిడ రెండు గుప్పెళ్ళు అమ్ముతూ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి నీళ్ళ సంగతి చెప్పింది. నేను నీకు చెప్పలేదు. మా అమ్మ పెట్టిన పద్ధతి అని చెప్పుకున్నాను. చోటు దాచమని చెప్పింది మా అమ్మ. నీళ్ళు రెండో వానదాకా ఆపింది ఎందుకంటే మొదటి వాన పిల్లని తన పక్కనుంచి కదలనిచ్చేది కాదు, వండేది తనే. నేను నిన్ను బస్సెక్కనిచ్చాను, దండతో సహా.

తదాలా ఊరికొచ్చింది. కర్రపుల్లలా ఉంది, నడుస్తోంది. వేరుసెనగ గంజి కాచి పట్టుకెళ్ళాను. నన్ను చూసి రెండు చేతులతో నోరు మూసుకుంది. చేపల చితెంగే కట్టుకుని వెళ్ళాను, ఆ చేపల వంక కూడా చూడలేదు. వాళ్ళమ్మ "అవ్వే కదా, తాగమ్మా" అంటే ఇంకా గట్టిగా మూసుకుంది. గిన్నె గడప మీద పెట్టి వచ్చేశాను. మర్నాడు వాళ్ళమ్మని నా పొయ్యి దగ్గర కూర్చోబెట్టి మూడు నీళ్ళూ చూపించాను. చోటు కూడా చెప్పాను. దానికి ఒక్క వానే అయింది. బా మకాసా నన్ను చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. (తుడుచుకోలేదు. పొగ. మకాసా.)

ఇప్పుడు నీ కాగితంలో నా పేరు పక్కన ఉన్నది కొట్టేసి ఇది రాయి. ఒక్క అక్షరం మార్చకు.

"ఈ తప్పు ఇద్దరిది. రాసిన ఆమె అడగాల్సినవాళ్ళని అడగలేదు, అనుమానం వచ్చినా ఆపలేదు. చిటుంబి గ్రామపు బానా లోంబే, పరీక్షకి తీసుకెళ్ళింది ఉడికించిన దండ అని కళ్ళారా చూసి కూడా చెప్పలేదు. ఒక పిల్ల ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉంది. కొత్తల్లుడికి మూడు నీళ్ళు పారబోయాలి. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి అడక్కపోయినా చెప్పాలి."

సగం నీళ్ళు పారబోసి తేటపడిందంటే కుదరదు.

వానలు మార్చిదాకా ఉంటాయి. ఇది నీ రెండో వాన కింద లెక్క. బూట్లు తేకు, అడవిలో నువ్వు వస్తున్నట్టు చీమలకి కూడా తెలిసిపోతుంది. కత్తీ తేకు. సబ్బు తే, ఇక్కడ అయిపోయింది. మోకాళ్ళ సంగతి నీ ఇష్టం, నావి ఎలాగూ వంగడం మానేశాయి, ఇద్దరం పీటల మీదే కూర్చుందాం.

బా మకాసా సిరా డబ్బా తెచ్చాడు. ముందు చదువు అన్నాను. ఈ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి సిగ్గేసింది. మూడోసారికి తేటపడింది. అప్పుడు పెట్టాను వేలు.

(బానా లోంబే, కుడిచేతి బొటనవేలు. రాసింది చదివి వినిపించానని సాక్షి, మకాసా.)